అత్తయ్యకి లేసు, పిల్లలకి మూమిన్లు: జులై చివర రౌమాకా, నాంతలికా?

ఎస్పో అమ్మాయి:

అందరికీ నమస్తే. మేం ఫిన్లాండ్‌లో, హెల్సింకి పక్కన ఎస్పోలో ఉంటున్నాం. మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆగస్టు మొదట్లో తిరిగి వెళ్లిపోతారు. ఆవిడ వెళ్లేలోపు జులై నెలాఖరులో మూడు రోజులు ఏదైనా చిన్న ఊరికి వెళ్లొద్దామని ఇంట్లో అనుకున్నాం. ఏ ఊరు అన్న దగ్గర వచ్చింది పేచీ.

మా ఆయన నైరుతి తీరంలో ఉన్న నాంతలి అంటున్నారు. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. మూమిన్లంటే ఇక్కడి పిల్లల కథల్లో తెల్లగా బొద్దుగా ఉండే బొమ్మలు. వాడికి తినే ప్లేటు మీద మూమిన్, దుప్పటి మీద మూమిన్, టీవీ పెడితే మూమిన్. ఫిన్లాండ్‌లో ఉంటూ వాణ్ని మూమిన్ వరల్డ్‌కి తీసుకెళ్లకపోతే మనల్ని మనం ఏమనుకోవాలి అంటారాయన.

అత్తయ్య గారిది నర్సాపురం దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ లేసు అల్లే చెయ్యి. మొన్న మా లైబ్రరీలో ఏదో ఫొటోల పుస్తకం తిరగేస్తూ పడమటి తీరంలో ఉన్న రౌమా అనే ఊరి లేసు బొమ్మ దగ్గర ఆగిపోయారు. కళ్లద్దాలు పైకి తోసి, పేజీని ముక్కు దగ్గరకి తెచ్చుకుని, "ఇది మన సూదితో అల్లింది కాదే అమ్మాయ్, మరి దేంతో చేశారంటావ్?" అన్నారు. నాకేం తెలుసు? అప్పట్నించి రెండు మూడుసార్లు అదే మాట ఎత్తారు. "అక్కడికి తీసుకెళ్లండి" అని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అందుకే నాకు పట్టుదలగా ఉంది.

కానీ నా భయాలు నాకున్నాయి. రౌమాలో పిల్లలు విసిగిపోతారా? లేసు అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తారా, లేక చేసేవాళ్లని దగ్గరగా చూడొచ్చా? అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. బాబుకి ఇంకా స్ట్రోలర్ కావాలి. రెండు ఊళ్లూ ఒకే ట్రిప్పులో కుదురుతాయా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

---

తుర్కు నాన్న:

మాది మీ ఆయన పార్టీ అండీ.

నాంతలి మా ఊరి పక్కనే, పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. మూమిన్ వరల్డ్ కైలో అనే చిన్న దీవిలో ఉంటుంది. పాత ఊరి రేవు దగ్గర నుంచి నడక వంతెన దాటితే అదే. ముందే ఒక మాట: ఇది జెయింట్ వీల్, రోలర్ కోస్టర్ ఉండే పార్కు కాదు. అలాంటివి అసలు ఉండవు. మూమిన్ల నీలం ఇల్లు, పడవ, అడవిలో దారులు, చిన్న నాటకాలు, వేషాలు వేసుకుని తిరిగే మూమిన్లు, అంతే. నాలుగేళ్లవాడికి అది స్వర్గం. ఎనిమిదేళ్ల పిల్ల మొదటి గంట "నేను పెద్దదాన్ని" అన్నట్టు ఉంటుంది, తర్వాత తనే ముందు పరుగెడుతుంది. మా పెద్దది అలాగే చేసింది. వేసవిలో మాత్రమే తెరుస్తారు, జూన్‌లో మొదలై ఆగస్టులోనే ముగుస్తుంది. కాబట్టి జులై చివర సరైన సమయమే, జనం మాత్రం ఉంటారు. గేటు తెరిచే వేళకి వెళ్లండి, నీలం ఇంట్లో మెట్ల దగ్గర లైను తక్కువ ఉంటుంది.

చేతిపని కావాలంటే నాంతలికీ కథ ఉంది. 1443లో ఆ ఊరు పుట్టిందే బ్రిజిట్ సన్యాసినుల మఠం చుట్టూ. ప్రొటెస్టెంట్ మతసంస్కరణ వచ్చి మఠం మూతపడ్డాక ఊరివాళ్లు మేజోళ్లు అల్లి అమ్ముకుని బతికారు. మఠం చర్చి ఇప్పటికీ ఉంది, రాతి గోడలు, సముద్రం వైపు చూస్తూ ఉంటుంది.

ఇంకో సరదా. జులై 27న అక్కడ నిద్రమొహాల రోజు. ఆ ఏటి నిద్రమొహం ఎవరన్నది చివరిదాకా రహస్యంగా ఉంచి, తెల్లారగానే ఎవరో ఒక పేరున్న మనిషిని తీసుకొచ్చి సముద్రంలో పడేస్తారు. మీ తేదీలు కలిస్తే పిల్లల్ని పొద్దున్నే లేపండి.

రౌమా దాకా పోవడం ఎందుకు? తుర్కులోనే లువోస్తారిన్‌మాకి ఉంది. 1827లో తుర్కు ఊరంతా తగలబడితే చెక్క ఇళ్లు మిగిలిపోయిన గుట్ట అది. 1940 నుంచి చేతిపనుల మ్యూజియం. ఇళ్లన్నీ కట్టిన చోటే ఉన్నాయి, వేరే చోటి నుంచి తెచ్చిపెట్టినవి కావు. వేసవిలో పాత పనివాళ్ల వేషంలో పనులు చేసి చూపిస్తారు. పొద్దున మూమిన్, సాయంత్రం అది. అయిపోయింది.

---

రౌమా వదిన:

తుర్కు నాన్న గారూ, మీరు అన్నీ బాగానే చెప్పారు కానీ, లేసు అల్లే మనిషికి లేసు ఊరు చూపించకుండా "దగ్గర్లో ఇంకోటి ఉంది, సర్దుకోండి" అంటే ఎలా అండీ? లువోస్తారిన్‌మాకి నాకూ ఇష్టమే. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు రౌమాలో ఉంది.

నేను ఇక్కడే ఉంటాను. మా ఆయనకి షిప్‌యార్డ్‌లో పని. మొదటి చలికాలం ఇంట్లో పిచ్చెక్కి, ఊళ్లో పెద్దవాళ్లకి నడిపే సాయంత్రం క్లాసుల్లో లేసులో చేరాను. కాబట్టి ఈ విషయంలో కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

అత్తయ్య గారి కన్నుకి దండం పెట్టాలి. నిజంగానే అది సూదితో అల్లింది కాదు. మన దగ్గర క్రోషే సూది ఒక్కటి, దారం ఒక్కటి, ముడి మీద ముడి వేసుకుంటూ పోతాం. ఇక్కడిది బాబిన్ లేసు. గట్టిగా కూరిన దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట. ఆ అట్టే డిజైన్. దారం చుట్టిన సన్నటి చెక్క పుల్లలు జతలు జతలుగా ఆ దిండు మీంచి వేలాడుతుంటాయి. చిన్న అంచుకి పది పన్నెండు జతలు, పెద్ద పనికైతే చెప్పక్కర్లేదు. చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి గానీ చేతులు ఒక్కసారికి నాలుగు పుల్లలే పట్టుకుంటాయి. చేసేవి కూడా రెండే పనులు: ఒకదాన్ని ఇంకోదాని మీంచి దాటించడం, మెలిపెట్టడం. దాటించు, మెలిపెట్టు, గుండుసూది గుచ్చు. మళ్లీ దాటించు. గుండుసూదులు పని అయ్యేదాకా దారాన్ని ఆ ఆకారంలో నిలబెడతాయి. అయ్యాక వెనక నుంచి ఒక్కొక్కటే పీకేస్తారు. సూదులు తీశాక కూడా లేసు ఊడిపోకుండా అలాగే నిలబడటం మొదటిసారి చూసినప్పుడు నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, టీచర్ నా వైపు అదోలా చూసింది.

ఇక మీ భయాలు.

దగ్గరగా చూడొచ్చా అంటే, చూడొచ్చు. పాత ఊళ్లో పిట్స్ ప్రియా అని లేసు చేసేవాళ్ల దుకాణం ఉంది. అక్కడ ఎవరో ఒకరు దిండు ముందు పెట్టుకుని పని చేస్తూ కనిపిస్తుంటారు. మీరు జులై చివర అంటున్నారు కాబట్టి రౌమా లేసు వారం కూడా అప్పుడే పడొచ్చు. 1971 నుంచి జరుపుతున్నారు. ఆ వారంలో లేసు చేసేవాళ్లు జనం మధ్య కూర్చుని చేసి చూపిస్తారు, ప్రదర్శనలు ఉంటాయి, ఒక రాత్రి నల్ల లేసు రాత్రి అని దుకాణాలు పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుతారు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. నా సలహా: లేసు వారంలోనే రండి, కానీ నల్ల లేసు రాత్రి పిల్లల్ని, స్ట్రోలర్‌ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని వేసుకుని ఆ ఇరుకు వీధుల్లోకి దిగకండి. మామూలు రోజు పొద్దున పదికి రండి. లేసు చేసే ముసలావిడలకి తీరిక ఉండే వేళ అది. అత్తయ్య గారిని ఒక కుర్చీ అడిగి పక్కన కూర్చోబెట్టి మీరు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోండి. భాష రాదని బెంగ పెట్టుకోకండి. ఆవిడ సంచిలో తను అల్లిన లేసు ముక్క ఒకటి తెచ్చుకోమనండి. అది బయటకి తీస్తే చాలు, మిగతాది వాళ్లిద్దరూ చూసుకుంటారు.

ధరలు చూసి మాత్రం గుండె పట్టుకోకండి. అరచేతిలో పట్టే ముక్క కూడా పదుల యూరోల్లో ఉంటుంది. గంటల తరబడి పని మరి. మన దగ్గర అదే పనికి ఆడవాళ్ల చేతికి ఏం వస్తుందో అత్తయ్య గారికి బాగా తెలిసే ఉంటుంది. ఆవిడ ఆ ధర చీటీ ముందు నిలబడి మనసులో లెక్క వేసుకుంటారు చూడండి, అప్పుడు పక్కన తొందరపెట్టకండి.

పాత పనితనం చూడాలంటే మార్కెట్ స్క్వేర్ పక్కన 1776 నాటి పాత టౌన్ హాల్ ఉంది, అందులో మ్యూజియం. ఒకప్పుడు ఈ దేశంలో ఆడవాళ్లు పట్టు టోపీల అంచుకి లేసు పెట్టుకునేవాళ్లు. ఆ మోజు ఉన్నన్నాళ్లు రౌమాలో ఇంటింటా పుల్లల చప్పుడే. 19వ శతాబ్దంలో ఆ టోపీల ఫ్యాషన్ పోయింది, దాంతో లేసు బేరం కూడా పడిపోయింది. తర్వాత మళ్లీ పట్టుబట్టి నిలబెట్టుకున్నారు.

పిల్లలు విసిగిపోతారా? ఎలా తిప్పుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. "ఇది యునెస్కో ఊరు, 1991లో గుర్తింపు ఇచ్చారు, ఆరువందల చెక్క కట్టడాలు" అని ఉపన్యాసం మొదలుపెడితే నేనే పారిపోతాను. పాపకి వేట ఇవ్వండి. ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక పేరుంది, గుమ్మం పక్కన పలక మీద రాసి ఉంటుంది. కిటికీల బయట చిన్న అద్దాలు వాలుగా బిగించి ఉంటాయి. లోపల కూర్చున్న ఆవిడ తల బయట పెట్టకుండా వీధిలో ఎవరు పోతున్నారో చూసుకోడానికి. ఊసుపోక కబుర్ల అద్దాలన్నమాట, మన అరుగుల పని అవి చేస్తాయి. ఇంకా కిటికీ గట్ల మీద పింగాణీ కుక్కల జంటలు. నావికులు ఇంగ్లండ్ నుంచి తెచ్చేవారట. మొగుడు సముద్రం మీద ఉంటే కుక్కలు బయటకి చూసేవి, ఇంటికొస్తే లోపలికి తిప్పేవారు అని కథ చెప్తారు. ఎన్ని అద్దాలు, ఎన్ని కుక్కలు, వాటిల్లో ఎన్ని బయటకి చూస్తున్నాయి అని పాపకి ఒక నోట్‌బుక్ ఇచ్చి వదలండి, పూట గడిచిపోతుంది. కిటుక్రాన్ అనే సందు వెతకమనండి, చాలా ఇరుకుగా ఉంటుంది. బాబు చేతులు చాపి కొలుస్తాడు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇది సినిమా సెట్ కాదు, వందల మంది కాపురాలు ఉన్న ఊరు. గేటు ఓరగా తెరిచి ఉంది కదా అని పెరట్లోకి తొంగి చూడొద్దని పిల్లలకి ముందే చెప్పండి. మా వీధిలో ఒకాయన బట్టలు ఆరేసుకుంటుంటే కూడా ఫొటోలు తీశారు, పాపం.

బాబుకి అసలు మజా మాత్రం సముద్ర మ్యూజియం. పాత నావిక పాఠశాల భవనంలో ఉంది. అక్కడ ఓడ నడిపే సిమ్యులేటర్ ఉంది, స్టీరింగ్ తిప్పి రేవులోకి ఓడ తేవచ్చు. మీ ఆయన్ని అక్కణ్నించి లాక్కు రావడం మీ బాధ్యత. గాలి లేని రోజైతే పడవ ఎక్కి కుల్మాపిహ్లాయా లైట్‌హౌస్ దీవికి వెళ్లొచ్చు గానీ, మెట్లు ఎక్కాలి, అత్తయ్య గారికి వద్దు. ఎండ కాస్తే ఓతన్‌లాహ్తి బీచ్ చాలు.

మోకాళ్ల సంగతి నిజంగా ఆలోచించాలి. పాత ఊరు చిన్నదే, దూరాలు లేవు. కానీ వీధుల్లో చాలావరకు రాళ్లు పరిచి ఉంటాయి. ఎత్తుపల్లాలు. మడమ ఉన్న చెప్పులు వద్దు, మెత్తటి అడుగు బూట్లు వేయించండి. స్ట్రోలర్ చిన్న చక్రాలదైతే ఇంట్లో వదిలేసి పెద్ద చక్రాలది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మార్కెట్ స్క్వేర్‌లో కూర్చోడానికి చోటు దొరుకుతుంది, అక్కడే మకాం పెట్టి ఇటూ అటూ తిరగండి.

రెండు ఊళ్లూ కుదురుతాయి. తుర్కు నుంచి ఇక్కడికి 8వ నంబరు రోడ్డు మీద తొంభై కిలోమీటర్లు. ముందు నేరుగా రౌమా, రెండు రాత్రులు ఇక్కడ. మూడో రోజు పొద్దున్నే బయలుదేరి నాంతలి, మూమిన్లు, అక్కణ్నించి ఎస్పో. మూమిన్లని చివర పెట్టండి. ముందు చూపిస్తే మిగతా రెండు రోజులూ "మళ్లీ మూమిన్" అనే పాట వినాలి. చివర పెడితే "ఎల్లుండి మూమిన్" అన్న ఒక్క మాటతో మీరు వాడిచేత అన్నం తినిపించొచ్చు.

---

టంపెరె తమ్ముడు:

నేను పోయినేడు రౌమా వెళ్లాను. ఫొటోలకి బాగుంది. కానీ ఆదివారం వెళ్లాం, సగం దుకాణాలు మూసేశారు, సాయంత్రం ఆరు దాటితే వీధిలో పిల్లి కూడా లేదు. పైగా ట్రైన్ లేదు! పోరి దాకా ట్రైన్‌లో పోయి బస్సు మారాం. మూడు రోజులు దానికి పెట్టడం అవసరమా అనిపించింది. నాంతలి ఒక రోజు, మిగతాది తుర్కు అంటే నాకు నయం.

---

రౌమా వదిన:

తమ్ముడూ, ఆదివారం వచ్చి దుకాణాలు మూసున్నాయంటే ఏం చెప్పను! ఇక్కడ చిన్న దుకాణాలు శనివారం మధ్యాహ్నానికే సర్దేస్తాయి. చిన్న ఊళ్లన్నీ అంతే. అందుకే మామూలు రోజుల్లో రమ్మంటున్నా. ట్రైన్ మాట నిజం, ప్రయాణికుల రైలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. బస్సులున్నాయి.

సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగా ఉండటం నా లెక్కలో లోటు కాదు. జులైలో పది దాటాక గానీ పొద్దు గుంకదు. భోజనాలయ్యాక జనం లేని వీధుల్లో పాప సైకిల్ తొక్కుకోవచ్చు, అత్తయ్య గారు ఆగి ఆగి నడవొచ్చు. మీకు సందడి కావాలి, వాళ్లకి అక్కర్లేదు. తేడా అంతే.

---

ఎస్పో అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. వదిన గారూ, మీ పోస్టు అత్తయ్య గారికి చదివి వినిపించాను. "దాటించడం, మెలిపెట్టడం" దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత టేబుల్ మీద నాలుగు అగరుబత్తి పుల్లలకి దారం చుట్టి ఏదో ప్రయత్నం చేశారు, బాబు వచ్చి లాగేశాడు. మా ఆయన పార్టీ ఓడిపోయినట్టే.

ఇంకొన్ని చిన్న సందేహాలు. అత్తయ్య గారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఆ ఊళ్లో ఏం తినాలి? కారు అద్దెకి తీసుకుందామనుకుంటున్నాం, పార్కింగ్ టెన్షన్ ఉంటుందా? వాన పడితే ఏం చేయాలి? ఇంకోటి, ఆవిడ ఆ పుల్లలు చేత్తో పట్టుకుని చూడొచ్చా? అడిగితే ఏమైనా అనుకుంటారా?

---

రౌమా వదిన:

ఆఖరిది ముందు చెప్తా. అడగండి, కానీ నడుస్తున్న పని మీద చెయ్యి వేయొద్దు. ఒక్క జత తారుమారైతే ఎక్కడ తప్పిందో వెతుక్కుని వెనక్కి విప్పుకుంటూ రావాలి, ఆవిడ ఉసురు తగులుతుంది. కొత్తవాళ్ల చేత వేయించడానికి కొన్నిచోట్ల వేరే దిండు పెడతారు, లావు దారంతో, తక్కువ జతలతో. "నేను ఒకసారి ప్రయత్నించవచ్చా" అని అడిగితే ఫిన్లాండ్ వాళ్లు సంతోషిస్తారు, మొహంలో కనపడదు, అంతే. పాపని కూడా కూర్చోబెట్టండి. పిల్లల చేతులకి త్వరగా పట్టుబడుతుంది.

తిండి గురించి నిజం చెప్తున్నా, గుడ్డు లేకుండా బయట తినడం కష్టం. వంటగది ఉన్న గది తీసుకోండి, రైస్ కుక్కర్ కారులో వేసుకోండి. సిగ్గుపడే పనేం లేదు, మా ఇంటికొచ్చే చుట్టాలందరూ అదే చేస్తారు. సూపర్‌మార్కెట్లో టర్కిష్ యోగర్ట్ అని డబ్బాల్లో గట్టి పెరుగు దొరుకుతుంది, కొంచెం నీళ్లు కలిపితే పెరుగన్నానికి సరిపోతుంది. బయట తినాలంటే కర్యాలన్‌పీరక్క ఉంది: రై అని గోధుమలాంటి ధాన్యం, దాని పిండితో పల్చటి అంచు, మధ్యలో పాలలో ఉడికించిన అన్నం. దాని మీద రాసే వెన్నలో మాత్రం ఉడికించిన గుడ్డు కలుపుతారు, అది లేకుండా ఇవ్వమనండి. పిండిలో, పైపూతలో ఏముందో కూడా ఒకసారి అడగండి. కాఫీతో ఇచ్చే బన్నుల్లో, చక్కెర అద్దిన డోనట్లలో గుడ్డు ఉంటుందనే అనుకోండి. పిల్లలకీ మీ ఆయనకీ అవే పండగ. సాల్మన్ తినేవాళ్లయితే ఆయనకి చేపల పులుసు, అదే పాలు పోసి ఆలుగడ్డలతో చేసేది, మన పులుసు అనుకుని నోట్లో పెట్టుకోకండి.

జులైలో అసలు తినాల్సింది మార్కెట్ స్క్వేర్‌లో దొరుకుతుంది. స్ట్రాబెర్రీలు, పచ్చి బఠాణీలు. ఇక్కడ లీటర్ల లెక్కన కొలిచి అమ్ముతారు. కొలపాత్ర నిండా కాయలు పోసి కాగితం సంచిలో వంచుతారు. ఈ బఠాణీలు వండక్కర్లేదు, కాయ గోటితో చీల్చి గింజలు అలాగే నోట్లో వేసుకోవడమే, తియ్యగా ఉంటాయి. బెంచీ మీద వరసగా కూర్చున్న జనమంతా ఒలుచుకుంటూ తింటుంటారు, కాయ తొక్కలు ఒళ్లోనో సంచిలోనో. బాబు కాసేపు కదలకుండా కూర్చోవాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు. సీగల్స్‌తో మాత్రం జాగ్రత్త, చేతిలో డోనట్ ఉంటే నెత్తి మీదకి దిగుతాయి.

వాన పడితే అంటారా, పడుతుంది. జులై అని నమ్మకండి, అందరికీ రెయిన్ కోట్లు, పెద్దావిడకి ఒక స్వెట్టర్. వాన రోజున సముద్ర మ్యూజియం, తర్వాత మరేలా అనే మ్యూజియం. ఓడల యజమాని ఇల్లు అది, పాత కాలపు సామాన్లతో సహా ఉంచారు. దగ్గర్లోనే కిర్స్తి అని నావికుల కుటుంబాల ఇల్లు కూడా మ్యూజియమే. ముందు మరేలా చూపించి వెంటనే కిర్స్తి చూపించండి. డబ్బున్నవాడి పైకప్పు ఎత్తు, లేనివాడి పైకప్పు ఎత్తు మీ పాపే చెప్తుంది. పవిత్ర శిలువ చర్చిలోకి కూడా ఒకసారి వెళ్లండి, ఒకప్పుడు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం వాళ్లది, లోపల గోడల మీద పాత చిత్రాలున్నాయి. అత్తయ్య గారికి కూర్చోడానికి చల్లటి చోటు కూడా.

గది మాత్రం ఈ రోజే చూడండి. లేసు వారానికి ఊళ్లో గదులు చాలా ముందే అయిపోతాయి. పాత ఊళ్లో దొరక్కపోతే పోరోహోల్మా క్యాంపింగ్‌లో క్యాబిన్లు అడగండి, సముద్రం ఒడ్డున ఉంటాయి.

---

తుర్కు నాన్న:

సరే, ఓడిపోయాం. కారు సంగతులు నేను చెప్తా.

పార్కింగ్ టెన్షన్ పడక్కర్లేదు, కానీ పార్కింగ్ డిస్క్ కొనుక్కోండి. కారు ఎప్పుడు ఆపారో చూపించే నీలం రంగు అట్ట గడియారం, పెట్రోల్ బంకులో దొరుకుతుంది. అద్దె కారులో ఉందో లేదో తీసుకునేటప్పుడే చూసుకోండి. బోర్డు మీద డిస్క్ బొమ్మ, పక్కన ఎంతసేపు అన్నది ఉంటుంది. మీరు వచ్చిన సమయం కాదు, దాని తర్వాత వచ్చే అరగంటకి ముల్లు పెట్టాలి. పదింబావుకి వస్తే పదిన్నర. అద్దం ముందు కనపడేలా పెట్టకపోతే ఫైన్ వేస్తారు, బతిమాలినా లాభం ఉండదు. రౌమా పాత ఊళ్లో వీధులు ఇరుకు కాబట్టి దాని అంచున ఆపి నడవడమే మంచిది. అత్తయ్య గారిని ముందు స్క్వేర్ దగ్గర దింపేయండి.

పిల్లల సీట్లు రెండు కావాలని అద్దెవాళ్లకి ఇప్పుడే చెప్పండి. 135 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉంటే ఎనిమిదేళ్ల పిల్లకి కూడా తప్పనిసరి.

ఇంకోటి, ఇది మన తీరంలో ఉండేవాళ్లం మర్చిపోకూడనిది. ఇక్కడ గడ్డిలో పేలలాంటి పురుగులు, పుంక్కి అంటారు, బాగా ఎక్కువ. దీవుల్లో మరీనూ. కైలోలో అయినా బీచ్ దగ్గరైనా పిల్లలు గడ్డిలో ఆడితే రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక చూడండి. కరుచుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయాలి, నూనెలు గట్రా పూయకూడదు. ఆ చోట కొన్ని రోజులకి ఎర్రటి మచ్చ పెద్దదవుతుంటే డాక్టరుకి చూపించాలి. పట్టకారు ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

మూడో రోజు రౌమాలో ఎనిమిదింటికల్లా బయలుదేరితే మూమిన్ వరల్డ్ తెరిచే వేళకి ఉంటారు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అత్తయ్య గారు మీతో దీవిలోకి రానక్కర్లేదు అనుకుంటే, పాత ఊళ్లో రేవు ఒడ్డున కాఫీ షాపులున్నాయి. లేదా మా ఆవిడ వచ్చి కూర్చుంటుంది, తనకీ క్రోషే పిచ్చే. మెసేజ్ పెట్టండి.

---

ఎస్పో అమ్మాయి:

మీ ఆవిడకి ముందుగానే థాంక్స్ చెప్పండి, తప్పకుండా మెసేజ్ పెడతాను. పాత ఊళ్లో గది దొరకలేదు. పోరోహోల్మాలో క్యాబిన్ ఒకటి ఖాళీ ఉంది, వంటగది ఉందట, ఇప్పుడే బుక్ చేశాం. వదిన గారూ, మీరు ఆ వారంలో ఊళ్లోనే ఉంటారా? అత్తయ్య గారు మీకోసం మాగాయ ఒక సీసా పక్కన పెట్టేశారు, నన్ను అడక్కుండానే.

---

రౌమా వదిన:

మాగాయ అన్నాక ఎక్కడికి పోతానండీ! క్లాసులో వాడే నా దిండు కూడా తెస్తా. స్క్వేర్‌లో కలుద్దాం, బఠాణీలు నావి.